పోత ఇనుము కింద చక్రాలు

రెండు కార్లు పట్టే అమెరికా గ్యారేజీ ఇరవై నుంచి ఇరవై నాలుగు అడుగుల పొడవు, దాదాపు అంతే వెడల్పు ఉంటుంది. వారంలో ఎక్కువ రోజులు అందులో కార్లే ఉంటాయి. సెలవు రోజున కార్లు బయటికి పోయాక, గోడ వారనున్న రెండు వందల కిలోల టేబుల్ రంపం నడి గ్యారేజీకి వస్తుంది. దాని వెనక బ్యాండ్ రంపం, చిత్రిక పట్టే మిషన్, డ్రిల్లింగ్ మిషన్ ఒక్కొక్కటే జరిగి తమ చోట్లలో నిలబడతాయి. సాయంత్రానికి అన్నీ మళ్ళీ గోడ వారకు చేరతాయి. ఇంత బరువును ఒక్క మనిషి కదపగలుగుతున్నాడంటే కారణం వాటి కింద ఉన్న స్టాండు: నాలుగు చక్రాలు, రెండు బ్రేకులు, కొన్ని ఎల్ యాంగిల్ ముక్కలు, కాస్త ప్లైవుడ్. యంత్రాల చరిత్ర రాసినవాళ్ళు మోటార్ల గురించి రాశారు, రంపపు పళ్ళ గురించి రాశారు, పోత ఇనుము గురించి రాశారు. ఈ స్టాండును మాత్రం వడ్రంగం సరదా ఉన్నవాళ్ళ చిన్న ఉపాయంగా చూసి వదిలేశారు. అది అన్యాయమని నా అభిప్రాయం. మరను భవనం నుంచి విడదీసే పని పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది. ముందు మర పైకప్పు నుంచి విడిపడింది, తర్వాత ఫ్యాక్టరీ నుంచి విడిపడింది, చివరికి నేల నుంచి విడిపడింది. ఆ చివరి మెట్టు ఈ చక్రాల స్టాండే. దాన్ని ఎక్కించినవాళ్ళలో పేరు మోసిన ఇంజినీర్ల కన్నా, వారాంతాల్లో పని చేసుకునే మామూలు ఇంటివాళ్ళే ఎక్కువ.

మొదటి బంధం ఎంత గట్టిదో తెలియాలంటే 1880ల నాటి ఫ్యాక్టరీ ఎలా నడిచేదో చూడాలి. భవనం మొత్తానికి ఒక్కటే ఆవిరి యంత్రం, లేదా ఒక్కటే నీటి చక్రం. దాని శక్తి పైకప్పు కింద భవనం పొడవునా సాగే ఇనుప ఇరుసుకు అందేది. ఇరుసు మీద వరుసగా కప్పీలు, ఒక్కో కప్పీ నుంచి కిందికి దిగే తోలు పట్టా, ఆ పట్టా కొసన ఒక మర. మర ఎక్కడ నిలబడాలో, ఏ దిక్కుకు తిరిగి ఉండాలో పనివాడు నిర్ణయించేది కాదు, పైనున్న ఇరుసు నిర్ణయించేది. కలప ఏ వరుసలో కోతకు, చిత్రికకు, తొలుపుడుకు వెళ్ళాలన్నది తర్వాతి మాట. ఇరుసు బరువునీ దాని అదురునీ మోయడానికి దూలాలు దిట్టంగా కట్టేవారు. ఒక్క మర నడవాలన్నా ఇరుసంతా తిరగాల్సిందే, ఇరుసుకు మరమ్మతు వస్తే వరుస వరుసంతా ఆగాల్సిందే. ఒక్క మాటలో చెప్పాలంటే అక్కడ భవనమే యంత్రం. మనం మరలు అనుకునేవి దాని చేతివేళ్ళు.

ఈ ఏర్పాటును కరెంటు మోటారు ఒక్కరోజులో మార్చలేదు. నికొలా టెస్లా 1888లో ఏసీ మోటారు పేటెంట్లు పొందేనాటికే డీసీ మోటార్లు వాడుకలో ఉన్నాయి. అయినా యజమానులు మొదట చేసిందల్లా ఆవిరి యంత్రాన్ని తీసేసి, దాని చోట ఒక పెద్ద మోటారు పెట్టి, అదే పాత ఇరుసును తిప్పడం. తర్వాత కొన్ని మరలకు కలిపి ఒక మోటారు వచ్చింది. ఒక్కో మరకు సొంత మోటారు అన్నది చివరి దశ. 1900 నాటికి అమెరికా ఫ్యాక్టరీల్లో మరలను తిప్పే సామర్థ్యంలో కరెంటు మోటార్ల వాటా ఐదు శాతం కూడా లేదు. 1920ల చివరికి అది మూడొంతులు దాటింది. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ ఆలస్యాన్నే పరిశీలించాడు. విద్యుత్తు వచ్చాక కూడా ఉత్పాదకత పెరగడానికి ముప్ఫై నలభై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే ఫ్యాక్టరీ భవనాలనూ, పని జరిగే వరుసనూ మార్చుకుంటే తప్ప కొత్త శక్తి ఫలితం అందలేదని ఆయన చెప్పాడు. నా వాదనకు ఈ పరిశీలన గట్టి ఆధారం. కొత్త యంత్రం రావడం ఒక ఘట్టం, దాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చని మనిషికి తట్టడం మరో ఘట్టం. రెండో ఘట్టం ఎప్పుడూ వెనకబడే వస్తుంది. గ్యారేజీలోనూ అదే జరిగింది.

ఇరుసు పోయినా ఫ్యాక్టరీలో మర నేలను వదల్లేదు. హెన్రీ ఫోర్డ్ 1913లో హైలాండ్ పార్క్‌లో కదిలే అసెంబ్లీ లైను నడిపించాడు. అక్కడ కదిలింది కారు, మరలు బోల్టులతో నేలకు బిగించే ఉన్నాయి. పని వరుసను బట్టి మరలను ఒకసారి పేర్చుకున్నాక మళ్ళీ జరపాల్సిన అవసరం అరుదు. జరపాల్సి వచ్చినా గొలుసు కప్పీలు, కింద వేసే గుండ్రటి దుంగలు, వాటిని నడిపే పదిమంది ఉంటారు. కాబట్టి మరను నేల నుంచి విడదీయాలన్న ఆలోచన ఫ్యాక్టరీలో పుట్టే అవకాశమే లేదు. చోటు చాలనిచోట, సాయం పట్టేవాళ్ళు లేనిచోట మాత్రమే అది పుట్టగలదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. కరెంటుకు ముందే ఇళ్ళలో మరలు లేవా? ఉన్నాయి. ఇల్లినాయిస్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో బార్న్స్ సోదరుల కంపెనీ 1870ల నుంచి కాలితో తొక్కే రంపాలు, లేత్‌లు తయారుచేసి చిన్న వర్క్‌షాపులకీ ఇళ్ళకీ అమ్మింది. వాటికి ఇరుసూ లేదు, పట్టా దిగే కప్పూ లేదు. అంతకన్నా మంచి ఉదాహరణ మన ఇళ్ళలోనే ఉంది: కాలితో తొక్కే సింగర్ కుట్టుమిషన్. దాని పోత ఇనుప స్టాండు కాళ్ళకు చాలా నమూనాల్లో చిన్న ఇనుప చక్రాలుంటాయి. తెలుగు ఊళ్ళలో దర్జీ అరుగు మీద కనిపించే మిషన్లలోనూ ఈ చక్రాలను చూడొచ్చు. ఇంట్లో మరను వెలుతురున్న చోటికి జరుపుకోవాలన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దానిదేనని ఒప్పుకోవాలి. కానీ కాలి శక్తికి హద్దుంది. మనిషి గంటల తరబడి ఇవ్వగలిగింది సుమారు పదో వంతు హార్స్‌పవర్. అంత శక్తితో తిరిగే మర తేలికగానే ఉండాలి, తేలిక మరను జరపడం పెద్ద సమస్యేమీ కాదు. ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారుతో రెండంగుళాల మేపుల్ చెక్కను ఏకబిగిన కోసే రంపం ఇంటికొచ్చినప్పుడే అసలు చిక్కు మొదలైంది. కుట్టుమిషన్ దారి చూపింది, బరువు మోయలేదు.

ఆ రంపం ఇంటికి రావడానికి ముందు కొన్ని చిన్న సంగతులు జరగాలి. అందులో ఒకటి ప్లగ్గు. హార్వే హబ్బెల్ 1904లో ఊడదీసి పెట్టుకోగల ప్లగ్గుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కరెంటు పరికరాన్ని దీపపు హోల్డరులో స్క్రూలా తిప్పి బిగించడమో, తీగలను నేరుగా కలపడమో చేసేవారు. గోడ మీద గుచ్చి తీయగల ప్లగ్గు లేకపోతే చక్రాల స్టాండుకు అర్థమే లేదు కాబట్టి, ఈ చరిత్రలో హబ్బెల్‌కు టెస్లాకు ఇచ్చినంత చోటూ ఇవ్వాలి. రెండోది ఇళ్ళకు కరెంటు. 1920లో అమెరికా ఇళ్ళలో మూడో వంతుకే కరెంటు ఉండేది, 1930 నాటికి అది మూడింట రెండు వంతులైంది. ఎక్కువగా పట్టణాల్లోనే. మూడోది, ఇంటివాళ్ళ కోసమే మరలు చేసే కంపెనీలు. హెర్బర్ట్ టౌట్జ్ 1919లో మిల్వాకీలో ఒక చిన్న గ్యారేజీలో మొదలుపెట్టిన డెల్టా కంపెనీ వీటిలో ముఖ్యమైనది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో, పాపులర్ సైన్స్ పత్రిక ఇంటి వర్క్‌షాపుల వాళ్ళను ఒక సంఘంగా కూడగట్టింది. పని లేని చేతులకు ఇంట్లోనే పని కల్పించే ఉత్సాహం అప్పటి పత్రికల నిండా కనిపిస్తుంది.

అయినా 1930ల్లో మర కింద చక్రాలు అంత అవసరం కాలేదు. కారణం ఇంటి కట్టడంలో ఉంది. చలి రాష్ట్రాల ఇళ్ళకు నేలమాళిగ ఉండేది. బాయిలరు, బొగ్గు, పాత సామాను, వాటి పక్కన తండ్రిగారి రంపం. నేలమాళిగలోకి కారు రాదు. ఒకసారి మెట్ల మీదుగా దించిన మరను అక్కడే ఉంచేయొచ్చు, బోల్టులతో బిగించుకోవచ్చు కూడా. యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. 1947 నుంచి 1951 వరకు న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ పదిహేడు వేలకు పైగా ఇళ్ళు కట్టింది. ఖర్చు తగ్గించడానికి వాటిని నేలమాళిగ లేకుండా కాంక్రీటు పలక మీదే లేపింది. దేశమంతా శివారుల్లో అలాంటి ఇళ్ళు వచ్చాయి. కుటుంబానికి కారు తప్పనిసరైంది, కారుకు గ్యారేజీ ఇంటిలో భాగమైంది. నేలమాళిగ పోవడంతో రంపం కారు పక్కకు చేరింది. 1954 ఆగస్టు 2 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం ఈ సొంత చేతిపని ఉత్సాహానికే కేటాయించిందంటే ఆ అలవాటు ఎంత విస్తరించిందో ఊహించొచ్చు. డాలస్, న్యూజెర్సీ శివారుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ గ్యారేజీ బాగా పరిచయమే. కారుకని కట్టిన గదిలో కారు తప్ప మిగతావన్నీ ఎలా చేరతాయో వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే నేల మీద కారుకూ మరలకూ చోటు ఎలా అన్న ప్రశ్నకు పరిశ్రమ రెండు జవాబులిచ్చింది. మొదటిది, అన్ని మరలనూ ఒకటి చేయడం. జర్మనీ నుంచి వచ్చిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1947లో షాప్‌స్మిత్ అనే మరను తెచ్చాడు. ఒకే మోటారు, రెండు గొట్టాల పట్టాలు. కావలసిన భాగం బిగిస్తే రంపం, లేత్, సానబట్టే చక్రం, పక్కగా రంధ్రం వేసే మర. నిలువుగా లేపితే డ్రిల్లింగ్ మిషన్. మాంట్‌గమరీ వార్డ్ దుకాణాల ద్వారా అది విరివిగా అమ్ముడుపోయింది. రెండో జవాబు, మరను తేలిక చేసి చేతికివ్వడం. బ్లాక్ అండ్ డెక్కర్ పిస్తోలు పిడి ఉన్న డ్రిల్లుకు 1917లోనే పేటెంటు పొందింది. 1920ల్లో చేతి గుండ్రటి రంపం వచ్చింది. బ్రిటన్‌లో రాన్ హిక్మన్ మడిచి మోసుకెళ్ళగల వర్క్‌మేట్ బల్ల తయారుచేస్తే పెద్ద కంపెనీలు వద్దన్నాయి. ఆయన 1968లో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. 1973 నుంచి బ్లాక్ అండ్ డెక్కర్ దాన్ని తయారుచేసింది, 1981కల్లా కోటి బల్లలు అమ్ముడయ్యాయి. 1980ల మధ్యలో రియోబి తెచ్చిన ఏపీ-10 మిషన్‌తో చిత్రిక పట్టే మర కూడా ఒక మనిషి ఎత్తి బల్ల మీద పెట్టగల బరువుకు దిగింది.

ఇన్ని ఉపాయాలుండగా బరువైన మర కింద చక్రాలు పెట్టుకోవడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఈ కథలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. షాప్‌స్మిత్ చోటు ఆదా చేసింది, కానీ పని వరుసను మింగేసింది. రంపంగా బిగించినదాన్ని డ్రిల్లుగా మార్చాక, ఒక్క పలక తక్కువ కోశామని తెలిస్తే మొత్తం మళ్ళీ రంపంగా మార్చి, కొలత మళ్ళీ సరిచూడాలి. తేలిక మరల ఇబ్బంది వేరు. వాటిలో ఉండేది ఎక్కువగా బ్రషులున్న యూనివర్సల్ మోటారు. అది చిన్నది, తేలికైనది, అతి వేగంగా తిరుగుతుంది, చెవులు చిల్లులు పడేట్టు అరుస్తుంది. ఇండక్షన్ మోటారు బరువు, కానీ నింపాదిగా, గట్టిగా, ఏళ్ళ తరబడి తిరుగుతుంది. పైగా చేతి మరను కలప దగ్గరికి తీసుకెళ్ళాలి, నిలబడ్డ మర దగ్గరికి కలపను తీసుకురావాలి. పొడవాటి పలకను అంచు వెంబడి తిన్నగా చీల్చాలన్నా, ఒకే మందంలో పది పలకలు తీయాలన్నా రెండో పద్ధతిలో వచ్చే కచ్చితత్వం మొదటిదానిలో రాదు. మంచి బల్లో బీరువాయో చేయాలనుకున్న మనిషి ఈ తేడాను కొద్ది రోజుల్లోనే గ్రహిస్తాడు. అందుకే పరిశ్రమ ఇచ్చిన రెండు జవాబుల తర్వాత కూడా మూడో జవాబుకు చోటు మిగిలింది: మరను తగ్గించకుండా, దాని బరువును ఉంచుకుంటూనే, కదిలేట్టు చేయడం.

బరువు ఎందుకు కావాలన్న దానికి లోహంలోనే సమాధానం ఉంది. పోత ఇనుములో కర్బనం గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఉంటుంది. అదురు ఆ రేకుల దగ్గర అణిగిపోతుంది. ఉక్కు మోగుతుంది, పోత ఇనుము మోగదు. రంపం పళ్ళు కలపను కొట్టే ప్రతి దెబ్బనూ ఆ బరువైన బల్ల మింగేస్తుంది, కోత నున్నగా వస్తుంది. డెల్టా కంపెనీ 1930ల చివర్లో తెచ్చిన యూనిసా రంపం ఇప్పటికీ మరమ్మతులతో నడుస్తోందంటే, దానిలోని రెండు వందల కిలోల ఇనుమే కారణం. ఇక్కడ వడ్రంగం బాగా తెలిసినవాళ్ళ అభ్యంతరం వస్తుంది: చక్రాల మీద పెట్టిన మర ఊగుతుంది, ఊగే మర మీద కొలత నిలవదు, కాబట్టి చక్రాలు బరువు ఇచ్చిన లాభాన్ని తిరిగి లాక్కుంటాయి. రబ్బరు చక్రాల మీద, బ్రేకు వేయకుండా నడిపిన మర విషయంలో ఇది నిజం. కానీ అదురును అణిచేది మర బరువు. నేలకు బిగించిన బోల్టు అదురును నేలకు పంపుతుంది, అణచదు. మంచి స్టాండు రూపకల్పనంతా ఈ తేడా మీదే నడిచింది. కదిలించేటప్పుడు మాత్రమే చక్రాల మీద నిలబెట్టి, పని చేసేటప్పుడు కాళ్ళ మీదికి దించే ఏర్పాటు చేశారు. కాలితో మీట తొక్కితే చక్రాలు కిందికి దిగి మరను వేలెడంత లేపుతాయి, మీట వదిలితే మర తన సొంత కాళ్ళ మీద కూర్చుంటుంది.

ఆ రూపకల్పనలో ప్రతి చిన్న నిర్ణయమూ గ్యారేజీ నేల నుంచి వచ్చిందే. గ్యారేజీ నేల సమతలంగా ఉండదు. కారు నుంచి కారే నీళ్ళూ మంచూ బయటికి పోవడానికి, పెట్రోలు చిందితే ఇంటి వైపు రాకుండా ఉండడానికి, తలుపు వైపు వాలు ఉండాలని నిర్మాణ నిబంధనలే చెబుతాయి. వాలు మీద బ్రేకు లేని రెండు వందల కిలోలు తలుపు వైపు తామే బయలుదేరతాయి. కాంక్రీటు పగుళ్ళ మీద నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనవు, ఒక కాలు గాల్లో ఉంటుంది. మూడు చోట్ల ఆనే స్టాండుకు ఈ తిప్పలు లేవు, అందుకే చాలామంది రెండు తిరగని చక్రాలు, ముందు ఒక్క తిరిగే చక్రం పెట్టారు. చిన్న చక్రం రంపపు పొట్టు కుప్ప దగ్గర, నేల మీది తీగ దగ్గర ఆగిపోతుంది. పెద్ద చక్రం మరను మూడు నాలుగంగుళాలు పైకెత్తి నడుము ఎత్తు లెక్కను చెడగొడుతుంది. దీనికి దొరికిన పరిష్కారం నాకు చాలా ఇష్టమైనది. మర అడుగును నాలుగు మూలలా ఎల్ యాంగిల్ పళ్ళెంలో నేలకు దగ్గరగా కూర్చోబెట్టి, చక్రాలను మూలలకు బయట బిగించారు. ఎత్తు పెరగలేదు, పైగా అడుగు వెడల్పయింది. తలబరువు ఉన్న బ్యాండ్ రంపానికి, డ్రిల్లింగ్ మిషన్‌కు ఆ వెడల్పే ప్రాణం, లేకపోతే మలుపులో ఒరిగిపోతాయి. ఆ ఎల్ యాంగిల్ ఎక్కడిదంటే, పాత మంచాల ఇనుప పట్టెలు కోసి తీసినది. మూలల మధ్య కట్టెలు ఇంటి చట్రానికి వాడే రెండంగుళాల సాదా కలప. పెట్టెలా కట్టే స్టాండుకు ప్లైవుడ్. 1930ల్లో నీటికి చెడని జిగురు వచ్చాక ప్లైవుడ్ గట్టిపడింది, యుద్ధం తర్వాత చవకైంది, కూసాలు తొలవడం రానివాడికి కూడా దృఢమైన పెట్టె కట్టే వీలిచ్చింది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్యాక్టరీలో మరను జరిపేది ముఠా, ఇంట్లో జరిపేది ఒక్కరు. మీట, వాలు, చక్రం అనే మూడు ప్రాచీన సాధనాలు ఆ ఒక్కరి శరీరాన్ని ముఠాకు సమానం చేశాయి. నడుము నొప్పి ఉన్న వృద్ధుడికైనా, సొంతంగా వడ్రంగం నేర్చుకునే స్త్రీకైనా పోత ఇనుప మర అందుబాటులోకి రావడంలో ఈ స్టాండు పాత్ర ఉంది. ఇంటి వర్క్‌షాపును మగవాడి సొంత జాగాగా చిత్రించిన చరిత్రలు చాలానే వచ్చాయి, స్టీవెన్ గెల్బర్ పరిశోధన వాటిలో విలువైనది. ఆ జాగాను నిలబెట్టినవాటిలో బరువు కూడా ఒకటని నాకనిపిస్తుంది. బరువును ఎవరైనా జరపగలిగిననాడు ఆ కంచె కొంత సడలింది.

చక్రం మీద సాధనాన్ని తీసుకెళ్ళడం కొత్తేమీ కాదని మరొకరు అనొచ్చు. స్పెయిన్ చిత్రకారుడు గోయా పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గీసిన సానవాడి చిత్రంలో తోపుడు బండి మీదే సానరాయి ఉంది. మన వీధుల్లో సైకిల్ స్టాండు వేసి, పెడలు తొక్కి కత్తులకు సాన పట్టేవాళ్ళూ ఉన్నారు. నిజమే, కానీ వాళ్ళ చక్రం సాధనాన్ని గిరాకీ దగ్గరికి చేరుస్తుంది, ఊళ్ళూ వీధులూ దాటిస్తుంది. గ్యారేజీ చక్రం దాటేది పదడుగులే. దాని పని మరో చోటికి వెళ్ళడం కాదు, ఒకే చోటును వేర్వేరు వేళల్లో వేర్వేరు పనులకు ఇవ్వడం. ఇరుసు కాలంలో మరలు స్థలంలో వరుసగా నిలబడేవి, కలప ఒకదాని నుంచి మరోదానికి నడిచేది. చక్రాల గ్యారేజీలో మరలు కాలంలో వరుసగా నిలబడతాయి. పొద్దున రంపం నడి గదిలో ఉంటుంది, మధ్యాహ్నం అదే చోట చిత్రిక మర, రాత్రికి కారు. నడుమనున్న రాడ్డు చుట్టూ పై పలకను తిప్పితే పైనున్న మర కిందికీ కిందున్నది పైకీ వచ్చే స్టాండ్లు ఈ ఆలోచనకు ఇంకా ముదిరిన రూపం. ఒకే మూడడుగుల జాగాలో ఒకవైపు చిత్రిక మిషన్, రెండోవైపు సానబట్టే మిషన్.

ఇదంతా మరలు అమ్ముకునే కంపెనీల వ్యాపారమేనన్న వాదన కూడా ఉంది. దానిలో కొంత నిజం ఉంది. 1975లో ఫైన్ వుడ్‌వర్కింగ్ పత్రిక మొదలై, 1989 నుంచి ఇరవై ఏళ్ళు నార్మ్ ఏబ్రమ్ టీవీలో న్యూ యాంకీ వర్క్‌షాప్ నడిపి, 1983లో గ్రిజ్లీ కంపెనీ తైవాన్ మరలను తక్కువ ధరకు తేవడం మొదలుపెట్టాక బరువైన మరల గిరాకీ పెరిగింది, వాటితోపాటు రెడీమేడ్ స్టాండ్ల గిరాకీ పెరిగింది. కానీ వరుస చూడండి. కంపెనీలు దశాబ్దాల పాటు మరతో ఇచ్చింది కదలని రేకు స్టాండ్లు. పాఠకులు తమ ఉపాయాలు రాసి పంపే శీర్షికలు పాపులర్ మెకానిక్స్ లాంటి పత్రికల్లో ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నుంచే ఉన్నాయి. చోటు చాలనివాడి అనుభవం వాటి ద్వారా మరో చోటు చాలనివాడికి చేరింది. నేటికీ దుకాణంలో కొన్న మరను ఇంటికి తెచ్చాక దాని కింద స్టాండు సొంతంగా కట్టుకునేవాళ్ళు ఎందరో. అమ్మకం కోసమే పుట్టినదైతే ఇంతమంది దాన్ని ఇంట్లో ఎందుకు కట్టుకుంటారు?

స్టాండు వల్ల పోయేదీ ఉంది, దాన్ని దాచకూడదు. పని మొదలుపెట్టడానికి ముందు పావుగంట సర్దుడు, అయ్యాక మరో పావుగంట. జరిపిన ప్రతిసారీ రంపం వెనక పలకను అందుకునే బల్ల ఎత్తు సరిచూడాలి. అమెరికాలో టేబుల్ రంపాల వల్ల ఏటా సుమారు ముప్ఫై వేలమంది గాయపడి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వెళుతున్నారని వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా. బ్రేకు సరిగ్గా పడని స్టాండు ఆ ప్రమాదానికి తోడవుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు పొట్టు. కలప పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చాక, పొడిని పీల్చే యంత్రం తప్పనిసరి అన్న అవగాహన ఇంటి వర్క్‌షాపులకూ చేరింది. దాని లావుపాటి గొట్టం కప్పు కింద సాగి, ఒక్కో మర దగ్గరికి ఒక్కో కొమ్మ దిగితే, మర ఎక్కడ నిలబడాలో మళ్ళీ పైనున్నదే నిర్ణయిస్తుంది. చాలామంది ఈ బంధాన్ని ఒప్పుకోలేదు. పొడి పీల్చే యంత్రం కిందే చక్రాలు పెట్టి, నాలుగంగుళాల మెత్తని గొట్టాన్ని ఏ మరకు ఆ మర దగ్గర తగిలించుకునే పద్ధతికి మళ్ళారు.

మిగిలింది తీగ. 2016లో డీవాల్ట్ అరవై వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న టేబుల్ రంపాన్ని తెచ్చింది, అది కొయ్యపనికి కాక ఇళ్ళు కట్టే చోటుకు పనికొచ్చే తేలిక రంపం. మూడు హార్స్‌పవర్ మోటారున్న పోత ఇనుప రంపానికి 240 వోల్టుల సాకెట్ కావాలి, గ్యారేజీలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి. కరెంటు కారును ఇంట్లో త్వరగా చార్జి చేయాలన్నా కావలసింది అదే 240 వోల్టులు. డెబ్బై ఏళ్ళుగా నేల కోసం పోటీ పడిన కారూ రంపమూ ఇప్పుడు గోడలోని సర్క్యూటు కోసం పోటీ పడుతున్నాయి. వారాంతంలో కారు చార్జింగ్ తీసి రంపం ప్లగ్గు పెట్టేవాళ్ళు కొందరు, స్విచ్‌బోర్డు పెద్దది చేయించి రెండో లైను లాగించుకునేవాళ్ళు కొందరు.